పువ్వు లేని కొమ్మతో తొమ్మిది నెలలు: కొత్త నల్లికి పేరు పెట్టిన అనుభవం

పేపర్ అచ్చుకు తీసుకున్నామని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ సంతోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను. చందంపేట వైపు గుట్టల్లో జాన చెట్టు ఆకుల మీద బతికే ఒక నల్లికి ఇన్నాళ్ళూ శాస్త్రంలో పేరు లేదు. ఇక ఉంటుంది. ఆ పేరు ఇక్కడ రాయను. కొత్త జాతి పేరు దాని వివరణతో కలిసి అచ్చులోనే మొదట రావాలి, ముందే బయటికి వస్తే తర్వాత చిక్కులు.

నల్లి అంటే మంచంలో నల్లి అనుకునేరు, అది వేరు. బత్తాయి తోటలున్న మా నల్గొండ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు, కాయ తోలు మీద మంగు తెచ్చేది నల్లే. కందికి వెర్రి తెగులు మోసుకొచ్చేదీ నల్లే, దాని పేరు అసీరియా కజాని. అసీరియా అనేది ప్రజాతి పేరు, నాకు దొరికింది కూడా దానిలోదే, జాతి వేరు. మిగతా నల్లులకు ఎనిమిది కాళ్ళుంటే ఈ కుటుంబం వాటికి నాలుగే. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటే గొప్ప. మైక్రోస్కోప్ కింద చూస్తే చిన్న ముల్లంగి గడ్డలా ముందు లావు, వెనక సన్నం, ఒళ్ళంతా ఉంగరాలు.

రెండేళ్ళ కింద కార్తీకంలో నాయినతో చుట్టాల చేనుకు పోయినప్పుడు గట్టు మీది జాన చెట్టు కనబడింది. ఆకుల అడుగున తెల్లగా, మందంగా నూగు మచ్చలు. నాయిన బూజు అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఒకప్పుడు యూరప్ పండితులు కూడా ఇలాంటి నూగును బూజు జాతే అనుకొని ఎరినియం అని పేరు పెట్టారు. నిజానికి అది నల్లి పొడిచి రసం పీలుస్తుంటే ఆకు పెంచుకునే వెంట్రుకల గుబురు. ఆ గుబురులోనే అవి కాపురం ఉంటాయి.

ఆకులు తెచ్చి, కొన్ని నల్లుల్ని ఆల్కహాల్‌లో వేసి, కొన్నిటితో స్లైడ్లు చేశాను. పుల్ల చివర కనురెప్ప వెంట్రుక అంటించి ఒక్కో నల్లిని ఎత్తాలి. లాక్టిక్ ఆమ్లంలో ఒళ్ళు తేటపడ్డాక స్లైడు మీద నల్లిని నిలిపి ఉంచే హోయర్ ద్రావణంలో పెట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి, అంచుకు నెయిల్ పాలిష్ పూయాలి. 63 స్లైడ్లు చేస్తే 11 పనికొచ్చాయి. చేయి తిరిగినవాళ్ళకే ఇది కష్టమని అంటారు. నాకు నేర్పినవాళ్ళు లేరు, కాలేజీలో క్లాసులయ్యాక ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకున్నాను. బొమ్మలు శుభ్రంగా ఉన్నాయని రివ్యూ చేసినాయన ప్రత్యేకంగా రాశాడు. ఆ మాట నాకు పతకంతో సమానం.

వీపు డాలు మీది గీతలు, ఉంగరాల లెక్క, కాలి చివర ఈక లాంటి గోరుకు ఎన్ని పాయలు, ఇవన్నీ మైక్రాన్లలో కొలిచి తెలిసిన జాతులతో పోల్చుకున్నాను. నెల పట్టింది. అక్కడిదాకా టెన్షన్ లేదు.

నన్ను ఏడిపించింది నల్లి కాదు, చెట్టు.

ఈ నల్లుల్లో చాలావాటికి ఒకే చెట్టో, దానికి దగ్గరి చుట్టాలో తప్ప వేరే తిండి లేదు. కాబట్టి చెట్టు ఏదో కచ్చితంగా చెప్పకపోతే వివరణ సగమే. మా ఊళ్ళో జాన అంటే అందరికీ తెలుసు, పండ్లు తిని పెరిగినవాళ్ళమే. కానీ శాస్త్రం లెక్కలో గ్రూవియా అనే ఒక ప్రజాతిలో చాలా జాతులున్నాయి, ఊళ్ళల్లో ఒకటికి మించిన వాటిని జాన అనే పిలుస్తారు. చాలావాటి ఆకుకు మొదట్లో మూడు ఈనెలు, మీద నక్షత్రాల్లాంటి నూగు. ఆకు చూసి నేనొక పేరు రాసుకున్నాను. అయినా పెద్దవాళ్ళతో చెప్పిద్దామని ఎండిన కొమ్మలు పేపర్లలో పెట్టుకొని జనవరిలో హైదరాబాద్‌లోని ఒక హెర్బేరియానికి, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటికి, పోయాను.

దేవరకొండలో తెల్లారి బస్సెక్కితే పదిన్నరకు చేరాను. పన్నెండున్నర దాకా వరండాలో నిలబెట్టారు. లోపల నలుగురు విద్యార్థులున్నారు. ఆ సారు పేపర్ మడత విప్పి, ఒక్క క్షణం చూసి మూసేశాడు. "పువ్వేది మేడమ్? కాయేది? జువాలజీ వాళ్ళు ఆకు పట్టుకొచ్చి పేరు చెప్పమంటారు. మేం జ్యోతిష్యం చెబుతామా?" పిల్లలు నవ్వారు. నా చేతిలోని పేపర్ కట్ట వణికింది. పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, పిల్లల ముందు అట్లా ఎవరూ మాట్లాడలేదు. తిరుగు బస్సులో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.

ఆయన అడిగింది న్యాయమే, అది ఒప్పుకుంటాను. పువ్వు, కాయ లేకుండా గ్రూవియా తేల్చడం కష్టం. కానీ ఆ మాట కూర్చోబెట్టి చెప్పొచ్చు. తెలియదని వచ్చినవాళ్ళను నిలబెట్టి చిన్నబుచ్చే మనిషి ఎంత చదివినా ఏం లాభం?

ఇక పూత కోసం ఎదురుచూపు. ఆ గట్టు దగ్గర గొర్రెలు కాసే తాతకు ఫోన్ నంబర్ ఇచ్చి వచ్చాను. మృగశిర దాటిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "బిడ్డా, పూసింది. ఎండ ముదిరితే వాడిపోతది, పొద్దుగాల్నే రా." తెల్లారేసరికి అక్కడున్నాను. పచ్చటి రెమ్మల మధ్య పసుపు పూలు, మధ్యలో కేసరాల కుచ్చు. అక్కడే గట్టు మీద కూర్చుని పాత పేపర్లలో పరిచి, రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పెట్టి మా తమ్ముడి బెల్టుతో బిగించాను.

రెండోసారి అదే గది, అదే సారు. "పువ్వు సరే. కాయ?" అన్నాడు. జనవరిలోనే రెండూ తెమ్మని గట్టిగా చెప్పి ఉంటే, పువ్వు ఒక్కటే పట్టుకొని మళ్ళీ పరుగెత్తేదాన్ని కాదు.

జాన కాయ పండనిస్తే పిల్లలు, పిట్టలు మిగల్చవు. ఈ సంగతి తాతకు చెబితే, తన పాత రుమాలు చించి ఒక కొమ్మను చుట్టి కట్టాడు. సెప్టెంబర్‌లో విప్పితే లోపల కాయలు భద్రంగా ఉన్నాయి, పాయలు పాయలుగా. వాటిని చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పేపర్‌లో కృతజ్ఞతల దగ్గర మొదటి పేరు తాతదే. హెర్బేరియం పేరు రూలు ప్రకారం ఉంది, ఆ సారు పేరు లేదు.

మూడోసారి ఆ సారు సెలవులో ఉన్నాడు. ఒక చిన్నమ్మాయి, అక్కడి రీసెర్చ్ స్కాలర్, కుర్చీ చూపించి, లెన్స్ పెట్టి కాయనూ కొమ్మ పలకలనూ చూసి, రెండు గంటల్లో తేల్చింది. నేను రాసుకున్న పేరు తప్పు, ఇది వేరే గ్రూవియా. ఆ తప్పుతోనే పంపి ఉంటే, నల్లిని పోల్చవలసిన దగ్గరి జాతుల పట్టికే తారుమారయ్యేది. అక్టోబర్‌లో నమూనా నంబర్‌తో సర్టిఫికెట్ చేతికొచ్చింది.

మీరూ ఇలాంటి పని మొదలుపెడుతుంటే ఆకు తెంపిన రోజే ఆ చెట్టుకు గుర్తు కట్టండి, పూతకూ కాతకూ మళ్ళీ వెళ్ళండి. కొమ్మలు రెండు జతలు ఎండబెట్టండి, ఒకటి మీ దగ్గరే ఉండాలి. ఇంకోటి, హెర్బేరియంలో పెద్ద గది తలుపు దగ్గర నిలబడకండి. లోపల బల్లల దగ్గర పనిచేసే పిల్లల్ని అడగండి, వాళ్ళకు ఓపిక ఉంటుంది.

మిగతాది నల్లేరు మీద నడకే. జంతువుల కొత్త పేర్లు నమోదు చేసే ఆన్‌లైన్ పట్టిక జూబ్యాంక్‌లో రిజిస్ట్రేషన్‌కు పది నిమిషాలు పట్టింది. ఆన్‌లైన్‌లోనే వచ్చే పత్రికకు, జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళికి 2012లో చేసిన సవరణ ప్రకారం అది తప్పనిసరి. పేరు లాటిన్ వ్యాకరణానికి నప్పాలి, అసీరియా స్త్రీలింగం కాబట్టి విశేషణం పెడితే అదీ స్త్రీలింగంలోనే. హోలోటైప్, అంటే పేరును మోసే ఒక్క ఆడ నల్లి స్లైడు, కోల్‌కతాలోని జువాలజికల్ సర్వేకు ఇచ్చాను. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనా ఇలాంటి గుర్తింపు ఉన్న చోట ఇవ్వాలి. పోస్టులో పంపడానికి మనసొప్పలేదు, రైల్లో ఒళ్ళో పెట్టుకొని తీసుకెళ్ళాను.

పొద్దున తాతకు ఫోన్ చేసి విషయం చెప్పాను. కొమ్మకు కట్టిన రుమాలు ముక్క ఇంకా అట్లనే ఉందట, ఈసారి కాయలు కూడా దాచమంటావా అని అడిగాడు. దాచమన్నాను.