టోనీ హాక్ 1+2: ల్యాండింగ్ దగ్గరే తెగిపోతున్న కాంబోలు

టోనీ హాక్ ప్రో స్కేటర్ అనే స్కేట్‌బోర్డింగ్ వీడియో గేమ్ మొదటి రెండు భాగాలను కలిపి కొత్తగా చేసిన రీమాస్టర్ ఈ 1+2, ఇది దాని సాధన లాగ్. ప్రస్తుత స్థితి: మొదటి గేమ్‌లోని తొమ్మిది లెవెల్స్ అయిపోయాయి. రెండో గేమ్‌లో హ్యాంగర్, స్కూల్ 2 పూర్తి, మార్సెయ్‌లో పతకం వచ్చింది. న్యూయార్క్ నుంచి బుల్‌రింగ్ దాకా ఇంకా బాకీ. కాంబోల (మధ్యలో తెగకుండా వరసగా అతికించిన ట్రిక్కుల) సంగతికొస్తే లక్ష పాయింట్లు దాటడం ఇప్పుడు మామూలే, పది లక్షలు మాత్రం నిలకడగా రావట్లేదు. అడ్డుపడుతున్నది ఒక్క చోటే, గాల్లోంచి దిగి చక్రాలు నేలను తాకే ఆ అర సెకను. ఈ లాగ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

పాత గేమ్ ఆడినవాళ్ళకు ఈ రీమాస్టర్ ఎందుకు తికమకగా ఉంటుందో ముందు చూద్దాం. 1999లో నెవర్‌సాఫ్ట్ చేసిన మొదటి భాగంలో మాన్యువల్ (రెండు చక్రాల మీదే బ్యాలెన్స్ చేస్తూ దొర్లడం) అనేదే లేదు. ట్రిక్ కొట్టాలి, దిగాలి, పాయింట్లు లెక్కలో పడతాయి, అంతే. 2000లో వచ్చిన రెండో భాగంలో మాన్యువల్ వచ్చింది కాబట్టి చదునైన నేల మీద కూడా కాంబో సాగేది. ర్యాంపు మీద దిగాక బోర్డును గిర్రున తిప్పి కాంబోని బతికించే రివర్ట్ మాత్రం 2001 నాటి మూడో భాగంలోది. 2020 సెప్టెంబర్ 4న వికేరియస్ విజన్స్ తెచ్చిన రీమాస్టర్‌లో ఇవన్నీ మొదటి భాగం లెవెల్స్‌కి కూడా వర్తిస్తాయి. వేర్‌హౌస్ లెవెల్ చూడ్డానికి పాతదే, ఆడే లెక్క వేరు. పాత అలవాటుతో వచ్చిన చెయ్యి ర్యాంపు దిగగానే ఊరుకుంటుంది, కాంబో అక్కడితో సరి.

ఆప్షన్స్‌లో పాత కంట్రోల్ పద్ధతి కూడా ఉంది. మొదటి భాగం పద్ధతి పెట్టుకుంటే మాన్యువల్, రివర్ట్ రెండూ పోతాయి, రెండో భాగం పద్ధతిలో రివర్ట్ ఒక్కటే పోతుంది. చాలామంది దీన్ని జ్ఞాపకాల కోసం పెట్టిన సరదా అనుకుని వదిలేస్తారు. నిజానికి ఇది మంచి సాధన పరికరం. రివర్ట్ లేకుండా కాసేపు ఆడి మళ్ళీ మామూలు పద్ధతికి వస్తే, ఏ ర్యాంపు దగ్గర కాంబో ఎందుకు తెగుతోందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

సెట్టింగులు

టీవీ మీద ఆడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయకుండా ఏ సాధనా మొదలుపెట్టొద్దు. బొమ్మను నునుపు చేసే ఫీచర్లన్నీ ఆలస్యాన్ని పెంచుతాయి. ఆ ఆలస్యం ఆలీలో (బోర్డుతో సహా ఎగరడంలో) తెలియదు, రివర్ట్‌లో తెలుస్తుంది. పీఎస్5లో 4కే 60 ఫ్రేములు, 1080పీ 120 ఫ్రేములు అని రెండు దారులున్నాయి. 120కి తగ్గ టీవీ ఉంటే రెండోదే తీసుకోండి. స్విచ్‌లో 30 ఫ్రేములే. ఆడుకోవచ్చు గానీ, బ్యాలెన్స్ మీటర్‌లోని ముల్లు కదలికను కంటితో పట్టుకోవడం కష్టం, కొంత అంచనాతో నొక్కాల్సిందే.

దిశలకు డీ-ప్యాడ్ వాడండి, స్టిక్ కాదు. మాన్యువల్‌కి పైకి, కిందికి వెంటవెంటనే రెండు స్పష్టమైన నొక్కులు కావాలి. స్టిక్‌తో ఆ మధ్యలో వేలు కొంచెం పక్కకు జారుతుంది, దాంతో పై-ఎడమ, కింది-కుడి అని చదువుకుంటుంది. స్టిక్ అరిగి డ్రిఫ్ట్ (తాకకుండానే కదలడం) వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఈ లాగ్‌లో బటన్ల పేర్లన్నీ ప్లేస్టేషన్ లెక్కలో. ఎక్స్ అంటే ఆలీ, స్క్వేర్ ఫ్లిప్ ట్రిక్ (గాల్లో బోర్డును తిప్పడం), సర్కిల్ గ్రాబ్ (బోర్డును చేత్తో పట్టడం), ట్రయాంగిల్ గ్రైండ్ (రెయిల్ మీద జారడం), ఆర్2 రివర్ట్. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో వరసగా ఏ, ఎక్స్, బీ, వై, ఆర్‌టీ.

స్కోరు లెక్క

కాంబోలో కొట్టిన ట్రిక్కుల పాయింట్లన్నీ కూడి, ఎన్ని ట్రిక్కులు కలిశాయో దానితో గుణిస్తారు. ఈ గుణకారమే గేమ్ మొత్తం. మూల పాయింట్లు 1,200, ట్రిక్కులు 6 అనుకుందాం. దిగితే 7,200. దిగకుండా మాన్యువల్ పట్టి, 100 పాయింట్ల చిన్న కిక్‌ఫ్లిప్ ఒకటి కలిపితే, మాన్యువల్‌కి పాయింట్లేమీ రాలేదనుకున్నా, 1,300 ఇంటూ 8, అంటే 10,400. వంద పాయింట్ల ట్రిక్ మూడు వేల పైచిలుకు తెచ్చింది. అందుకే గాల్లో ఒక్క పెద్ద ట్రిక్ కోసం ప్రాణం పెట్టేకన్నా, చిన్నవి చాలా అతికించడం లాభం.

కాకపోతే ఒకే ట్రిక్‌ను పదేపదే కొడితే దాని విలువ తగ్గుతూ పోతుంది. గుణకం పెరుగుతుంది, మూలం పెరగదు. నాలుగు దిశలకూ నాలుగు ఫ్లిప్పులున్నాయి (మామూలు అమరికలో ఎడమ కిక్‌ఫ్లిప్, కుడి హీల్‌ఫ్లిప్, పైకి ఇంపాజిబుల్, కిందికి పాప్ షవిట్), వాటిని తిప్పితిప్పి వాడటం చెయ్యికి అలవాటు చేయాలి. కింద పడితే ఆ కాంబోలో కూడినదంతా సున్నా.

రివర్ట్ నుంచి మాన్యువల్‌కి

క్వార్టర్‌పైప్ (వంపు తిరిగిన ర్యాంపు) ఎక్కి, గాల్లో ట్రిక్ ముగించి, దిగుతూ చక్రాలు తాకే క్షణంలో ఆర్2 నొక్కాలి. బోర్డు గిర్రున వెనక్కి తిరుగుతుంది. వెంటనే పైకి-కిందికి నొక్కితే మాన్యువల్. అక్కడి నుంచి రెయిల్ దాకా దొర్లి, ఆలీ కొట్టి, ట్రయాంగిల్. చెప్పడానికి ఇంతే. తెగేది మూడు చోట్ల.

ఒకటి, ఆర్2 ఆలస్యం. కంటితో దిగడం చూసి నొక్కితే అప్పటికే కాంబో మూసుకుపోతుంది. దిగే చప్పుడు కోసం ఆగినా అంతే. ర్యాంపు వాలుకు బోర్డు సమాంతరం కావడం కనబడగానే వేలు కదలాలి. ట్రిక్ పూర్తికాకుండా నేల తాకితే మాత్రం రివర్ట్ కాపాడదు. ఆఖరి గ్రాబ్‌ను కొంచెం ముందే వదిలేయండి.

రెండు, మాన్యువల్ నొక్కుల మధ్య జాగు. రివర్ట్ తిరుగుడు పూర్తయ్యేదాకా చూసి నొక్కేవాళ్ళకు ఇది దొరకదు. ఆర్2, పైకి, కిందికి మూడూ ఒకే ఊపులో పోవాలి.

మూడోది ఎక్కువమందికి పట్టుబడదు. మాన్యువల్ వస్తుంది, వచ్చిన మరుక్షణం స్కేటర్ వెల్లకిలా పడతాడు. కారణం రెండో నొక్కు. 'కిందికి' అనేది మాన్యువల్ మొదలుపెట్టే బటనే కాదు, బ్యాలెన్స్‌ను వెనక్కి వాల్చే బటన్ కూడా. దాన్ని నొక్కి వదలకుండా పట్టుకుంటే మాన్యువల్ పుట్టిన మొదటి క్షణం నుంచే ముల్లు కిందికి లాగబడుతుంది. నొక్కి వదిలేయాలి, వేలు డీ-ప్యాడ్ మధ్యకు రావాలి. ముందు చక్రాల మీద చేసే నోస్ మాన్యువల్‌లో (కిందికి-పైకి) ఇదే తప్పు ముందుకు బోర్లా పడేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. స్పెషల్ ట్రిక్కులకు (స్పెషల్ మీటర్ నిండితేనే వచ్చేవి) రెండు దిశలు, ఒక బటన్. ఏ స్పెషల్‌కైనా పైకి-కిందికి దిశలు కేటాయించి ఉంటే, మాన్యువల్ పట్టి వెంటనే బటన్ నొక్కినప్పుడు అనుకోని స్పెషల్ మొదలై పడిపోవచ్చు. ట్రిక్ మెనూలోకి వెళ్ళి స్పెషల్స్ అన్నిటినీ ఎడమ-కుడి, కుడి-కింద లాంటి జంటలకు మార్చేయండి. ఈ ఒక్క మార్పుతో 'ఎందుకు పడ్డానో తెలియలేదు' అనిపించే పాట్లు బాగా తగ్గుతాయి.

ముల్లు

గ్రైండ్‌లో బ్యాలెన్స్ మీటర్ అడ్డంగా ఉంటుంది, ఎడమ-కుడితో సరిచేయాలి. మాన్యువల్‌లో నిలువుగా, పైకి-కిందికి. సైకిల్ కొత్తగా నేర్చుకునేవాడు హ్యాండిల్ బిగించి పట్టుకున్నట్టు చాలామంది బటన్‌ను పట్టి ఉంచుతారు, ముల్లు ఆ కొస నుంచి ఈ కొసకు దూకుతుంది. తడుతూ ఉండాలి. ముల్లు మధ్యకు చేరకముందే వదిలి, అటువైపు ఒక చిన్న తట్టు సిద్ధంగా ఉంచుకోవాలి.

ముల్లు కొసకు చేరిపోతోందంటే దాన్ని వెనక్కి లాగడానికి పెనుగులాడొద్దు, ఆలీ కొట్టేయండి. గాల్లో ఒక ఫ్లిప్ వేసి మళ్ళీ మాన్యువల్ పడితే ముల్లు కొత్తగా మొదలవుతుంది, గుణకం కూడా పెరుగుతుంది. కాంబో పొడుగయ్యేకొద్దీ ముల్లు వేగం కూడా ముదురుతుంది కాబట్టి, ఎప్పుడు దిగి లెక్క మూసేయాలో ముందే అనుకోవడం మేలు. స్టాట్ పాయింట్లు దొరికినప్పుడు ముందుగా రెయిల్, మాన్యువల్ బ్యాలెన్స్‌లకు వేయండి, తర్వాత స్పీడు. ఎత్తుకి ఎగరడం చూడముచ్చటగా ఉంటుంది కానీ స్కోరు నేల మీదే ఉంది.

గేమ్ మాడ్స్‌లో (ఆటను తేలిక చేసే ఆప్షన్లలో) పడకుండా చేసేవి, రెయిల్ మీదా మాన్యువల్‌లోనూ బ్యాలెన్స్ తప్పకుండా చేసేవి ఉన్నాయి. మాన్యువల్ బ్యాలెన్స్ ఒక్కటి ఆన్ చేసి రివర్ట్ టైమింగ్ మాత్రమే సాధన చేయొచ్చు. రెండూ ఒకేసారి నేర్చుకోబోతే ఏది తప్పిందో తెలియదు.

గ్రైండ్ దిశలు, హ్యాంగర్ పైపు

దిశ లేకుండా ట్రయాంగిల్ నొక్కితే 50-50. పైకి పట్టి నొక్కితే నోస్‌గ్రైండ్, కిందికి 5-0. మూలలకు క్రుకెడ్, ఓవర్‌క్రుక్, స్మిత్, ఫీబుల్. మామూలు రన్‌లో ఏది పడినా పోయేదేం లేదు. హ్యాంగర్‌లో హాఫ్‌పైప్ మీదుగా నోస్‌గ్రైండ్ చేయమన్న లక్ష్యం దగ్గరే తేడా వస్తుంది. బొటనవేలు రవ్వంత పక్కకు జారితే ఓవర్‌క్రుకో క్రుకెడో పడుతుంది, చూడ్డానికి నోస్‌గ్రైండ్ లాగే ఉంటుంది, లక్ష్యం మాత్రం టిక్ పడదు. తెర మీద రాసిన ట్రిక్ పేరు చదవండి. రెయిల్‌కు సూటిగా, ఏ వంపూ లేకుండా చేరి, ఆలీ కొట్టాకే 'పైకి' నొక్కాలి. పరిగెత్తుతూ తిరగడానికి ఎడమ-కుడి పట్టుకుని ఉంటే ఆ దిశ కూడా కలిసిపోతుంది, అసలు కారణం చాలాసార్లు ఇదే.

ర్యాంపు అంచు దగ్గర కూడా ఇలాంటి తేడాయే. నిటారుగా ఎక్కి ట్రయాంగిల్ నొక్కితే లిప్ ట్రిక్ (అంచు మీదే ఆగి చేసే ట్రిక్), ఏటవాలుగా చేరితే అంచు మీద గ్రైండ్. గ్రైండ్ కావాలనుకుని నిటారుగా ఎక్కితే అక్కడే వేలాడుతూ రెండు నిమిషాల రన్‌లో విలువైన సెకన్లు పోతాయి.

లెవెల్స్ గురించి పొట్టిగా

వేర్‌హౌస్ సాధనకు అన్నిటికన్నా నయం. చిన్నది, మొదట్లోనే దిగే పెద్ద వాలు వేగం ఇస్తుంది, ర్యాంపుల మధ్య రెయిల్స్ దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1999లో ఇక్కడ ప్రో స్కోరు 15,000. రివర్ట్, మాన్యువల్ ఉన్న చేతికి అది ఒక్క కాంబో. స్కూల్‌లో ఐదు బల్లల గ్రైండ్‌కి వేగం తగ్గించాలి, లేకపోతే బల్ల దాటి ఎగిరిపోతారు. డౌన్‌హిల్ జామ్ కిందికే సాగుతుంది. తెరవాల్సిన వాల్వు ఒకటి తప్పిందంటే వెనక్కి ఎక్కే ప్రయత్నం మాని రన్ మళ్ళీ మొదలుపెట్టడమే తొందర.

షికాగో, బర్న్‌సైడ్, రోస్‌వెల్ పోటీ లెవెల్స్. నిమిషం చొప్పున మూడు రన్లు, అందులో మంచివి రెండు లెక్కలోకి. ఇక్కడ కింద పడితే జడ్జీలు మార్కులు కోస్తారు కాబట్టి పొడుగు కాంబోల పిచ్చి వదిలేయాలి. నాలుగైదు ట్రిక్కులు, దిగడం, మళ్ళీ నాలుగైదు. రోస్‌వెల్‌లో టోనీ హాక్‌తో 900 (గాల్లో రెండున్నర చుట్లు) వేయాలనిపించడం సహజమే (1999 జూన్ 27న శాన్ ఫ్రాన్సిస్కో ఎక్స్ గేమ్స్‌లో ఆయన దాన్ని మొదటిసారి దించాడు, గేమ్ వచ్చిందీ ఆ ఏడే). స్పెషల్ మీటర్ నిండాక, ర్యాంపు అంచు వదిలిన మరుక్షణం ఇన్‌పుట్ పడాలి. శిఖరానికి చేరాక నొక్కితే తిరుగుడు పూర్తికాకముందే నేల వచ్చేస్తుంది.

ఒక పక్క మాట: ఇందులో పాత స్కేటర్లను 1999 నాటి కుర్రాళ్ళలా కాకుండా ఇప్పటి వయసుతో చూపించారు. ఈ రీమాస్టర్‌లో అన్నిటికన్నా మర్యాదైన నిర్ణయం అదే అనిపిస్తుంది. 2025లో వచ్చిన 3+4లో, నాలుగో భాగం లెవెల్స్‌కి అసలు లేని రెండు నిమిషాల గడియారం తగిలించడం మాత్రం అంత నచ్చే పని కాదు.

బాకీ పని

న్యూయార్క్‌లో రెయిల్స్ పొడవు, కాబట్టి మొదట రెయిల్ బ్యాలెన్స్ ఒక్కటే చూడాలి. వెనిస్‌లో గోడలు, మెట్ల గ్యాపులు ఎక్కువ. వాల్‌రైడ్‌కి (గోడ మీద దొర్లడానికి) గోడను ఏటవాలుగా చేరి, ఆలీ తర్వాత ట్రయాంగిల్. సూటిగా వెళ్తే గుద్దుకుని ఆగడమే. ఫిలడెల్ఫియా ఆ తర్వాత. పది లక్షల కాంబోకి ఇప్పుడున్న వరస ఇది: వేర్‌హౌస్ క్వార్టర్‌పైప్ మీద రెండు గ్రాబులు, రివర్ట్, మాన్యువల్, కిక్‌ఫ్లిప్, రెయిల్, హీల్‌ఫ్లిప్, మాన్యువల్, ఎదురు ర్యాంపు, మళ్ళీ రివర్ట్. రెండో రివర్ట్ దాకా నికరంగా వస్తోంది. తెగేది దాని తర్వాతి మాన్యువల్ దగ్గర, అప్పటికి వేగం తగ్గిపోయి రెయిల్ దాకా బోర్డు చేరట్లేదు. మొదటి రెయిల్ గ్రైండ్‌ను సగంలోనే వదిలి ఎదురు ర్యాంపుకు ఎక్కువ వేగంతో చేరడం తర్వాత చూడాల్సిన మార్పు.