రైడర్ ముఖం, డిఫెండర్ వీపు

పొద్దున ఆరున్నరకల్లా కాలేజీ గ్రౌండ్‌లో ఉన్నాను. మేనకోడలి కబడ్డీ జట్టుకి ఆదివారం ప్రాక్టీసు. మ్యాచ్ రోజున కెమెరా మెనూలో ఏదైనా మార్చాలంటే నాకు టెన్షన్. ప్రాక్టీసులో ఆ భయం లేదు, ఒకే కూతని కోచ్ మేడమ్ పదిసార్లు చేయిస్తారు. ఒక సెట్టింగు తప్పైతే ఇంకోటి పెట్టి అదే కదలికని మళ్లీ తీయొచ్చు.

పోయిన వారం ఫోటోలు ఇంకా మనసులో మెదులుతూనే ఉన్నాయి. రెండొందల దాకా తీస్తే సగానికి పైగా డిఫెండర్ల వీపులే స్పష్టంగా వచ్చాయి. జెర్సీ మీది నంబరు కుట్లు లెక్కపెట్టొచ్చు. వాళ్ల మధ్యలోంచి దూసుకొచ్చిన పిల్ల ముఖం మాత్రం మసక. ఏ కూతకి ఆ పిల్ల ఎంత కష్టపడిందో చూసినవాణ్ణి కాబట్టి ఆ రాత్రి నాకు చాలా బాధేసింది.

నాది కెనాన్ సెవెన్ డీ మార్క్ టూ. 2014లో వచ్చిన మోడల్, 65 ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు), సెకనుకి 10 ఫ్రేములు. ఇప్పటి కెమెరాల్లా కంటిని గుర్తుపట్టి వెంటాడదు. ఎవరిని వెంటాడాలో మనమే చెప్పాలి. కదిలే మనుషుల మీద ఫోకస్‌ని వదలకుండా సర్దుకుంటూ ఉండే ఏఐ సర్వో మోడ్ ఇందులో ఉంది, దానికి ఆరు ‘కేసులు’, అంటే కెమెరాలో ముందే అమర్చిన ఆరు రకాల సెట్టింగులు ఉన్నాయి. ఆరూ వేర్వేరనుకుని చాలాకాలం తికమకపడ్డాను. నిజానికి అన్నిటి వెనకా ఉన్నవి మూడే: ట్రాకింగ్ సెన్సిటివిటీ, వేగం పెరగడం తగ్గడం గమనించే సెట్టింగు, ఒక పాయింటు నుంచి పక్క పాయింటుకి మారే సెట్టింగు.

నా తప్పు మొదటిదాని దగ్గరే జరిగింది. సెన్సిటివిటీ అనగానే ఎంత ఎక్కువ పెడితే అంత చురుగ్గా పట్టుకుంటుందనుకుని ప్లస్ 2 పెట్టాను. అది వేగం సంగతి కాదు, ఓపిక సంగతి. ఫోకస్ పాయింటు కిందకి ఇంకో మనిషి అడ్డొస్తే కెమెరా ఎంతసేపు ఆగాలి అన్నదే అక్కడ మనం చెప్పేది. ప్లస్ వైపు పెడితే అడ్డొచ్చినవాళ్ల మీదకి వెంటనే వెళ్లిపోతుంది. మైనస్ వైపు పెడితే కాసేపు పాత మనిషినే పట్టుకుని ఉంటుంది. పరుగు పందెంలో కొత్తగా ముందుకొచ్చిన మనిషి కావాలంటే ప్లస్ మంచిదే. కబడ్డీలో, అదీ నేను కూర్చున్న ఎండ్ లైన్ వెనక నుంచి, రైడర్ ముఖం నా వైపు, డిఫెండర్ల వీపులు నా వైపు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వాళ్లు పక్కకి జరిగిన ప్రతిసారీ నా పాయింటు కిందకి ఒక వీపు వస్తుంది. కెమెరా నేను చెప్పినట్టే చేసింది పాపం.

ఇవాళ కేస్ 2 పెట్టాను, అందులో సెన్సిటివిటీ మైనస్ 1. మొదటి కూతకే తేడా కనిపించింది. ఒకమ్మాయి అడ్డంగా వెళ్లింది, ఆమె వీపు మసగ్గా వచ్చింది, ఆ వెనక మేనకోడలి కళ్లు అలాగే నిలిచాయి. అంత సంతోషం ఈమధ్య ఏ ఫోటోకీ కలగలేదు.

మైనస్ 2కి వెళ్లి చూస్తే ఇంకో చిక్కు. నేనే పొరపాటున మొదట వెనక గోడ మీద ఫోకస్ చేస్తే, కెమెరా ఆ గోడనే పట్టుకుని కూర్చుంది. అందుకే మైనస్ 1కి తిరిగొచ్చాను. పైగా అలవాటు కూడా మార్చుకోవాలి: రైడర్ మిడ్ లైన్ దాటకముందే, ఎవరూ అడ్డులేనప్పుడే ఆమెను పట్టుకోవాలి. ఫోకస్ జారిపోయిందనిపిస్తే, కెమెరా వెనక ఫోకస్ కోసం పెట్టుకున్న బటన్ మీంచి బొటనవేలు తీసి మళ్లీ నొక్కాలి. రైడర్ ఆగి, ఊగి, ఒక్కసారి దూకుతుంది కాబట్టి వేగం సెట్టింగుని 1 చేశాను. చాలా పాయింట్లు ఒక గుంపుగా పనిచేసే జోన్ వదిలి, ఒక పాయింటూ దాని చుట్టూ నాలుగూ ఉండేది వాడాను. జోన్‌లో దగ్గరున్న వీపు ఎప్పుడూ గెలుస్తుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు, లెన్సు రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 2.8.

మంచినీళ్లకి ఆగినప్పుడు మేనకోడలు వచ్చి స్క్రీన్‌లోకి తొంగిచూసింది. ముఖం ఫోటోలు గబగబా దాటించేసింది. బోనస్ లైన్ దగ్గర ఆగింది.

“మామయ్యా, నా వెనక కాలు గాల్లో ఉందా లేదా?”

బోనస్ రావాలంటే ఒక కాలు గీత దాటి నేల తాకాలి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. బోనస్ రాలేదని మేడమ్ అంటున్నారట, వచ్చిందని ఈమె అంటోంది. పెద్దది చేసి చూశాం. కళ్లు అద్దంలా ఉన్నాయి. వెనక కాలు మసక, నేలకి ఆనిందో లేదో తెలియదు. బోనస్ లైన్ నాకు ఆరు మీటర్ల దూరం. అంత దగ్గర్లో ఎఫ్ 2.8కి స్పష్టంగా వచ్చే లోతు మూరెడు కూడా లేదు, పిల్ల అడుగు అంతకి రెండింతలు.

“వచ్చే ఆదివారం కాళ్లు కూడా తియ్యి మామయ్యా” అని నీళ్ల సీసా నా చేతిలో పెట్టి పరుగెత్తింది.

ఇంటికొచ్చాక గ్రౌండ్ బొమ్మ గీసుకుని చూశాను. పక్క నుంచి, సరిగ్గా బోనస్ లైన్ సూటిలో కూర్చుంటే రెండు కాళ్లూ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి. ముఖం పూర్తిగా కనిపించదు, పర్వాలేదు. లోతు పెరగడానికి రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6 పెట్టాలి, అప్పుడు వెలుతురు తక్కువ వస్తుంది కాబట్టి ఎండ వచ్చాక తీయాలి, ఎనిమిది లోపు కుదరదు. పక్క నుంచి వీపుల అడ్డం తక్కువే కానీ చివర నిలబడే కార్నర్ అమ్మాయి మాత్రం నా ముందే ఉంటుంది. మైనస్ 1 అలాగే ఉంచుతాను. బ్యాటరీ ఛార్జింగ్ పెట్టాను.