స్టాఫ్ రూము కుండ బాకీ

ఏడో తరగతిలో స్టాఫ్ రూము మంచినీళ్ల కుండ పగలగొట్టింది నేనే. చాక్‌పీసుల కోసం వెళ్లి మోచేయి తగిలించాను. తెలుగు మాస్టారు కొట్టలేదు. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అంటారు. ఆ ఏడు ఎలా ఉంటుందో చూసి రా" అని డబ్బులిచ్చి, సింహాచలం దారిలో ఉన్న కుమ్మరి ఇంటికి పంపారు.

"ఏటి బాబూ, పగలగొట్టీసావా?" అంటూనే ఆ కుమ్మరి తాత సారె (కుండలు చేసే చక్రం) తిప్పుతున్నాడు. కుండ పట్టుకుని తిరిగొచ్చేసరికి బడి వదిలేశారు.

ఇప్పుడు కుండలు, మట్టి శిల్పాలు చేసే నన్ను 'కళా ప్రస్థానం' రాయమని మన బడి సంచిక కమిటీ అడిగింది. నాకు తెలిసిన ప్రస్థానం అక్కడే మొదలు. బ్యాంకు పరీక్షలు రాయమని నాన్న, ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ అని నేను. ఆ గొడవ ఇంట్లో అందరికీ తెలిసిందే, వదిలేస్తాను.

పాండిచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. ఇవాళ మన దేశంలో స్టూడియో పాటరీ, అంటే సొంత షెడ్డులో కళగా కుండలు, చేసేవాళ్లలో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లే, లేదా వాళ్ల శిష్యులు. నేను రెండో రకం. మొదటి ఆరు నెలలూ మట్టి పిసకడం, చక్రం మధ్యలో ముద్ద నిలబెట్టడం, అంతే. హైదరాబాద్ నుంచి వెళ్లిన పి.ఆర్. దరోజ్ సిరామిక్‌తో గుమ్మాలంత శిల్పాలు చేశారని తెలిశాకే, కప్పులూ గిన్నెలూ దాటి ఆలోచించే ధైర్యం వచ్చింది.

నేను చేసేదేమిటో అమ్మమ్మకి ఒక్క మాటలో చెప్పాను: "ఆవకాయ జాడీ". జాడీ స్టోన్‌వేర్. 1,200 డిగ్రీలు దాటి కాలిస్తే మట్టిలో సందులు మూసుకుపోతాయి, నూనె చెమ్మ బయటికి రాదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

భీమిలి రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్నాను. సముద్రపు గాలికి మట్టి ఓ పట్టాన ఆరదు. తొందరపడి తడి ముక్క కాలిస్తే లోపలి నీరు ఆవిరై, బట్టీలోనే టప్పున పేలుతుంది. ఇక 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను రేకులన్నీ పట్టుకుపోయింది. మర్నాడు వెళ్లేసరికి ఎగ్జిబిషన్ కోసం చేసిన పచ్చి కుండలన్నీ బురద. పక్కనే ఒకసారి కాల్చినవి మాత్రం వాన నీళ్లు నింపుకుని కూర్చున్నాయి. దాదాపు 600 డిగ్రీల వేడి చూశాక మట్టి మళ్లీ మట్టి కాదని చదువుకున్నదే. కళ్లారా చూసింది ఆ రోజు. కరెంటు లేని రోజులన్నీ ఆ బురదని బకెట్లకెత్తడంతో సరిపోయింది. దానితోనే మళ్లీ చేశాను.

అందరూ అడిగేది ఒకటుంది: "భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మట్టి వాడతారా?" వాడను. అది రక్షిత ప్రదేశం. పైగా పేరుకే మట్టి, చాలావరకు ఇసుక, చక్రం మీద నిలబడదు. ఆ గండ్ల ఆకారం మాత్రం దొంగిలించాను. వాన కోసిన గోడల్లాంటి పలకలు కొన్నేళ్లుగా చేస్తున్నాను. అవి ఏడాదికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. ఇల్లు నడిపేది కాఫీ కప్పులే.

పోయినేడు పాత బాకీ తీరుద్దామని బడికి పెద్ద కూజా చేసి తెచ్చాను. బూడిదతో చేసిన గ్లేజు (గాజులాంటి పూత), మూతతో సహా, నా చేతిలోంచి వచ్చినవాటిలో మంచిదనే అనుకుంటున్నాను. వారం తిరగకుండా అటెండరు ఫోన్: "బాబూ, ఇందులో నీళ్లు సల్లబడవేటి?"

ఎలా చల్లబడతాయి? కుమ్మరి కుండ తక్కువ వేడిలో కాలుతుంది, సన్నగా చెమరుస్తుంది, ఆ చెమట ఆరుతూ నీళ్లను చల్లబరుస్తుంది. నాది జాడీకి అక్క, చెమటే పట్టదు. ఇన్నేళ్ల చదువుతో ఈ చిన్న విషయం మరిచాను.

మళ్లీ సింహాచలం దారి పట్టాను. తాత లేడు, మనవడు ఉన్నాడు. స్టాఫ్ రూములో ఇప్పుడున్న కుండ అతనిది. నా కూజాలో గొడుగులు పెడుతున్నారట.