ఆ రెండంగుళాల వైరు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే గరాజుకి పాత కార్లు బాగానే వస్తాయి గానీ వాటి మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నా వీసాలో హెల్పర్ అని ఉంది మరి. టైర్లు విప్పడం, ఆయిల్ డ్రమ్ములు దొర్లించడం, సాయంత్రం నేల కడగడం, ఇదే పని. మెకానిక్ పని అని చెప్పి డబ్బు కట్టించుకున్న ఏజెంటు నేను ఇక్కడ దిగాక ఫోనెత్తలేదు. ఇలాంటి కథ మా ఉద్దానంలో ఇంటికొకటి దొరుకుతుంది, పొడిగించను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు ఒక్కటి లేదు. కొత్త మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్లు, వడ్డీ అన్నాళ్లు ఆగదు కదా. అందుకే వచ్చాను.

మొన్న మే నెలలో ఇక్కడే స్థిరపడిన ఇంగ్లండు పెద్దాయన ఒకాయన తన ఎంజీబీని, అంటే ఇంగ్లండువాళ్ల పాత స్పోర్ట్స్ కారుని, లాగించుకొచ్చాడు. 1970 బండి, రెండే సీట్లు, తోలు అక్కడక్కడా చిట్లింది గానీ రంగు మాత్రం నిగనిగ. జబ్బేమిటంటే సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, గరాజులో ఐడిలింగ్ చక్కగా ఉంటుంది, రోడ్డెక్కి నెమ్మదిగా ఒకే వేగంతో పోతుంటే మాత్రం దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. పక్కకి తోసి రెండు నిమిషాలు ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టు.

ఎండ నలభై అయిదు డిగ్రీలు కాబట్టి అందరి నోటా ఒకటే మాట, పెట్రోలు పైపులో ఆవిరి పడుతోందని. పైపులకి వేడి తగలకుండా గుడ్డ చుట్టారు. తర్వాత పంపు మార్చారు. ప్లగ్గులు, కాయిల్, కండెన్సర్, ప్లగ్గు వైర్లు అన్నీ కొత్తవే వేశారు. (కొత్తది వేస్తే మంచిది వేసినట్టే అని ఎందుకనుకుంటారో, ఇప్పుడొచ్చే కండెన్సర్లలో చెడ్డవి తక్కువేం కాదు.) రెండు వారాలైంది. మా సూపర్‌వైజరు, కేరళ ఆయన, మంచివాడే, చివరికి పాయింట్లు (కాయిల్‌కి పోయే కరెంటుని కలుపుతూ విడదీస్తూ ఉండే చిన్న స్విచ్చు లాంటివి) పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసేద్దామని ఆర్డరు పెట్టబోయాడు.

నేను నేల తుడుస్తూ ఆ బానెట్ కింద ఇంజన్ చూసినప్పుడల్లా నాకు నరసన్నపేట గుర్తొచ్చేది. ఎందుకంటే అది మన అంబాసిడరు ఇంజన్‌కి పెద్దన్న. అంబాసిడరు అంటే ఇంగ్లండువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా, అందులో బీఎంసీ అనే ఇంగ్లండు కంపెనీ బీ-సిరీస్ ఇంజన్ 1489 సీసీ, ఎంజీబీలో అదే జాతి ఇంజన్ 1798 సీసీ. సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస కూడా రెండిటికీ 1-3-4-2. నరసన్నపేటలో హైవే పక్కన మా మేస్త్రీ షెడ్డులో పదిహేనో ఏట చేరాను నేను. టాక్సీలు చాలా వరకు డీజిలు, వాటికి ప్లగ్గులూ పాయింట్లూ ఉండవు, పెట్రోలు అంబాసిడర్లు డాక్టర్లవీ, ఆఫీసులవీ వచ్చేవి. ప్లగ్గు గ్యాపు హాక్సా బ్లేడుతో, పాయింట్ల గ్యాపు పెళ్లిపిలుపు కార్డు ముక్కతో చూసేవాళ్లం. ప్లగ్గుకి ఇరవై అయిదు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పాయింట్లకి పదిహేను థౌ అని పుస్తకంలో ఉంటుందని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది, ఆ బ్లేడు మందం ఇంచుమించు ఆ ఇరవై అయిదే ఉంటుందని కూడా.

మేస్త్రీకి ఒక అలవాటు. బండి ఆగిపోతే పార్టు మార్చడం కాదు, ముందు కరెంటు ఎంతవరకు వస్తోందో చూడమనేవాడు. టెస్ట్ లాంపు అంటే హోల్డరులో ఇండికేటర్ బల్బు, రెండు వైర్లు, అంతే.

కిట్ రేపు ఆర్డరు పెడతారనగా, మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లినప్పుడు సూపర్‌వైజరుని అడిగాను, అరగంట నాకివ్వండి సార్ అని. నవ్వాడు గానీ కాదనలేదు.

వాళ్లంతా గరాజులో చూసేటప్పుడు ఎక్సిలేటర్ ఒక్కసారి గట్టిగా లాగి వదిలేసేవారు, అలా చేస్తే ఏమీ తెలియదు. నేను నెమ్మదిగా లాగి ఒకేచోట పట్టుకున్నాను. రెండు నిమిషాలకి దగ్గు మొదలైంది. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు పక్కన గిన్నెలాంటిది ఉంటుంది, వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు, కార్బురేటర్ నుంచి సన్నపైపు దానికి వస్తుంది. ఆ పైపు ఊడదీసి మూతి మూసేశాను. దగ్గు పోయింది! మళ్లీ తగిలిస్తే మళ్లీ దగ్గు. అంటే పెట్రోలు సంగతి కాదని అక్కడే తేలిపోయింది. ఆ గిన్నెలోని గాలిని ఇంజన్ పీల్చినప్పుడు డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్లు కూర్చున్న ప్లేటు కొంచెం తిరుగుతుంది. ఒకే వేగంతో మెల్లగా పోయేటప్పుడు బాగా తిరుగుతుంది, అప్పుడే బండి ఆగుతోంది.

ఇంజన్ ఆపి డిస్ట్రిబ్యూటరు క్యాప్ తీశాను. పాయింట్లు పూర్తిగా మూసుకునేలా ఇంజన్‌ని చేత్తో తిప్పి పెట్టి, కీ ఆన్ చేసి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకి వైరు పోయే చోట టెస్ట్ లాంపు ఒక కొస, రెండోది బాడీకి. పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు వాటి గుండానే బాడీకి పోతుంది కాబట్టి లాంపు వెలగకూడదు, వెలగలేదు. అప్పుడు ఆ సన్నపైపు నోట్లో పెట్టుకుని పీల్చాను. ప్లేటు తిరిగింది, లాంపు వెలిగింది, అంటే లోపల దారి తెగింది. వదిలితే ఆరింది. పీల్చితే వెలిగింది. పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ ఒకాయన రొట్టె చేత్తో పట్టుకుని నా వెనకే నిలబడి చూస్తున్నాడని అప్పటికి నాకు తెలియదు, “వాహ్ ఉస్తాద్” అన్నాడు. ఆ గరాజులో నన్ను ఉస్తాద్ అనడం అదే మొదలు.

తెగుతున్నది బయటి నుంచి పాయింట్లకి పోయే రెండంగుళాల వైరు. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగిపోయాయి. మామూలుగా కొసలు ఆనుకుని ఉంటాయి, ప్లేటు లాగగానే విడిపోతాయి. కళ్లతో ఎంతసేపు చూసినా దొరకదు, రెండు వేళ్లతో పట్టుకుని లాగితే తొడుగు రబ్బరులా సాగింది.

దాని బదులు మామూలు వైరు వేస్తే బిగుసుకుని ప్లేటుని తిరగనివ్వదు, నాల్రోజులకి మళ్లీ తెగుతుంది. మేస్త్రీ అయితే పాత ఇస్త్రీపెట్టె వైరు విప్పి అందులోని సన్నపోగులు వాడేవాడు. నాకు పాడైన మల్టీమీటరు వైరు దొరికింది. సగం పోగులు తీసేసి, గుడ్డ తొడుగు వేసి, కొసలకి టంకం పెట్టాను. సాయంత్రం సూపర్‌వైజరు తనే నడిపి గంట తిప్పుకొచ్చాడు. కిట్ ఆర్డరు పెట్టలేదు. పెద్దాయనతో ఫోన్‌లో “మా టెక్నీషియన్ కనిపెట్టాడు” అన్నాడు, రేపు పది గంటలకి వచ్చి తీసుకెళ్లమన్నాడు. నేల మాత్రం ఆ రోజు కూడా నేనే కడిగాను.

రూముకి పోయి మేస్త్రీకి ఫోన్ చేశాను. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ పదిన్నర, నిద్రలోంచి లేచాడు. షెడ్డు ఎప్పుడో తీసేశారు, కంటికి ఆపరేషనైంది, కొడుకు దగ్గర ఉంటున్నాడు. కథంతా ఆయాసపడుతూ చెప్పాను, పొగుడుతాడనుకున్నాను.

“అయితే ఎర్తు వైరు సూసినావేట్రా?” అన్నాడు.

నోట మాట రాలేదు. ఆ ప్లేటుకి ఇంకో చిన్న వైరు ఉంటుంది, ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటరు బాడీకి ఎర్తు, అది కూడా ప్లేటుతోపాటే కదులుతుంది, అదే వయసుది.

“సూణ్ణేదా? సరే పడుకో గుంటడా, పొద్దున్నే ఎల్లి సూడు” అని పెట్టేశాడు.

అయిదున్నరకే గరాజుకి పోయి వాచ్‌మన్‌ని లేపి తలుపు తీయించాను. క్యాప్ విప్పి ఆ వైరు గుడ్డ తొడుగు వెనక్కి జరిపి చూస్తే మూడో నాలుగో పోగులు మిగిలి ఉన్నాయి. మల్టీమీటరు వైరులో తీసేసిన సగం నా జేబులోనే ఉంది.