అద్దంలో మోడు

ముప్పై నాలుగేళ్ల వయసులో సైన్యం రిజర్వు శిక్షణకు వెళ్లాను. ఏడాదంతా కుర్చీకి అలవాటైన ఒళ్లు, ఒక్కసారిగా వీపున 20 కిలోల బరువుతో తెల్లవారుజామునే మార్చ్. ఐదో రోజున కుడి కాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. మొదట్లో నడిచినప్పుడే ఉండేది, కూర్చుంటే తగ్గేది. వారం తిరిగేసరికి రాత్రి పడుకున్నా సలుపు. బొటనవేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం లేచిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో ఎందుకొచ్చాడని అనుకుంటారేమోనని సిగ్గు. గుడ్డ బిగించి కట్టుకుని, నొప్పి మాత్రలు మింగి నడిచాను.

రెండో వారం ప్రథమ చికిత్స నేర్పడానికి ఒక మాజీ సైనికుడు వచ్చాడు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. రక్తం ఆపే టోర్నికే పట్టీ కట్టడం తన తొడ మీదే చూపించాడు. "రక్తం ఆగేదాకా తిప్పాలి. దెబ్బతిన్నవాడు అరిచినా ఆపకూడదు. కట్టిన టైము రాయాలి. నాకు కట్టినవాడు ఇవన్నీ చేశాడు, అందుకే మీ ముందు నిలబడ్డాను" అన్నాడు.

ఆ రాత్రి బ్యారక్‌లో ఆయన మంచం అంచున కూర్చుని కృత్రిమ కాలు విప్పాడు. మోకాలి కింద మిగిలిన మోడుని కడిగి, మెత్తగా అద్ది తుడిచాడు. చిన్న గుండ్రటి అద్దం కింద పట్టుకుని అడుగుభాగం అంతా చూసుకుంటున్నాడు. నేను కుంటుతూ అటుగా వెళ్లాను.

"ఎన్ని రోజుల్నించి తమ్ముడూ?"

"ఏం లేదు సార్, కండరం పట్టేసింది."

ఆయన తిట్టలేదు. అద్దం నా వైపు తిప్పి, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ చూపించాడు. "ఇది కాసేపట్లో పోకపోతే రేపు కాలు తొడగను. పంతానికి పోయి తొడిగితే పుండవుతుంది. ఒకసారి అలా చేసి నెల రోజులు చంకకర్రల మీదున్నాను." సాయంత్రానికి మోడు కాస్త సన్నబడుతుందట, అది దూరే సాకెట్ వదులై రాసుకోకుండా ఇంకో సాక్సు వేసుకుంటాడట. లేని పాదం వేళ్లు మెలితిప్పినట్టు నొప్పి పుట్టే రాత్రులు ఇప్పటికీ ఉన్నాయని కూడా చెప్పాడు. లేని కాలి నొప్పినే ఆయన దాచుకోవడం లేదు. నేను ఉన్న కాలి నొప్పి దాస్తున్నాను.

తెల్లారగానే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. అబద్ధం చెప్పినట్టు అనిపించి తల దించుకున్నాను. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకి అందకపోవడం మామూలేనని ఆమె ఎమ్మారై స్కాన్ రాసింది. అందులో సన్నటి గీత దొరికింది. స్ట్రెస్ ఫ్రాక్చర్. మీద పడే బరువు పెరిగితే ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఆ గడువు ఇవ్వకుండా నడిపిస్తే చీలిక వస్తుంది. 1855లోనే బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైనిక వైద్యుడు మార్చ్ చేసిన సైనికుల పాదాల నొప్పి, వాపు గురించి రాశాడు. అది ఎముక విరగడమని తేలింది ఎక్స్‌రే వచ్చాకే. ఇదంతా చదివాక నా సిగ్గు సగం తగ్గింది.

బయల్దేరే రోజు ఆయనే నా చంకకర్రల ఎత్తు సరిచేశాడు. "చంకలో ఆనకూడదు, రెండు వేళ్ల సందు ఉండాలి. బరువంతా చేతుల మీదే" అని, నేను నాలుగడుగులు వేసేదాకా పక్కనే నిలబడ్డాడు.

మూడు వారాలు చంకకర్రలు. విటమిన్ డి బాగా తక్కువుందని మాత్రలు. కదలకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆరో వారానికి నొప్పి పోయింది, పరుగెడతానంటే డాక్టర్ ఒప్పుకోలేదు. పదో వారంలో మొదటిసారి పరుగెత్తాను, ఒక్క నిమిషం. ఆగి, వంగి, ఆ చోటే బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాను. నొప్పి లేదు. ఒక నిమిషం నడిచి, మళ్లీ పరుగందుకున్నాను.