ముక్కిన గోతాం వాసన

ఆదివారం సెలవు తీసుకునే దగ్గు నాది. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి నాతోపాటే బయల్దేరేది. శనివారం రాత్రికి గొంతు పట్టుకుని కూర్చునేది. ఆదివారం ఇంట్లో పడుకుని లేచి, మధ్యాహ్నం చేపల పులుసు తినే వేళకి ఎటు పోయేదో పోయేది. "మీ దగ్గు కూడా మీ మాదిరే డ్యూటీ చేస్తా ఉండాది" అని మా ఆవిడ ఎగతాళి చేసింది. రోగం గుట్టంతా ఆ మాటలోనే ఉంది. అది మాకు అర్థం కావడానికి ఐదు నెలలు పట్టింది.

నేను రొయ్యల మేత కంపెనీలో ఫీల్డు ఉద్యోగిని. ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో. ఒక రోజు ముత్తుకూరు వైపు, ఒక రోజు ఇందుకూరుపేట, మైపాడు, ఇంకో రోజు విడవలూరు, అల్లూరు రొయ్యల గుంటలు. రోజుకి నూరు, నూట ఇరవై కిలోమీటర్లు కారులోనే తిరుగుతాను. సెకండ్ హ్యాండులో కొన్న ఏడేళ్ల కారు. డిక్కీలో మేత శాంపిల్ సంచులు, మందుల డబ్బాలు, తాళ్లు, ఒక జత గమ్ బూట్లు. రొయ్యల మేతలో చేపల పొడి ఉంటుంది, దాని వాసన గురించి చెప్పే పనే లేదు. అందుకే కారులో ఏ కంపు వచ్చినా నేరం మేత సంచి మీదికే పోయేది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది. ఐదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేదాకా నెల్లూరుని వాన వదల్లేదు. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. కారు తలుపుల కిందనుంచి కొంచెం లోపలికి వచ్చాయి. ఎండ రాగానే మ్యాట్లు తీసి మేడ మీద ఆరేశాను, పనైపోయిందనుకున్నాను. మ్యాట్ల కింద కార్పెట్టు, కార్పెట్టు కింద పరుపులాంటి మందపాటి పొర ఒకటి ఉంటాయని, అవి తడి పీలిస్తే ఓ పట్టాన ఆరవని అప్పటికి నాకు తెలియదు.

సంక్రాంతి దాటాక మొదలైంది వాసన. ఏసీ వేసిన మొదటి అర నిమిషం, వానకి తడిసి మూలన పడున్న గోతాం మూతి విప్పితే వస్తుందే, ఆ ముక్కిన వాసన. తర్వాత తగ్గేది. తగ్గేది అంటున్నాను గానీ, నా ముక్కే దానికి అలవాటు పడేది. మల్లెపూల వాసనొచ్చే జెల్ డబ్బా కొని పెట్టాను. మా అమ్మ పచ్చకర్పూరం గుడ్డలో మూటగట్టి అద్దానికి వేలాడదీసింది. మా బావమరిది నాఫ్తలీన్ ఉండలు సీటు కింద పడేశాడు. అన్నీ కలిసి కారు, పెళ్లి జరిగిన గోడౌను మాదిరి తయారైంది. సర్వీసు సెంటర్లో చూపిస్తే ఏసీ రంధ్రాల్లో ఏదో స్ప్రే కొట్టి పద్దెనిమిది వందలు తీసుకున్నారు. నాలుగు రోజులు నిమ్మకాయ వాసన వచ్చింది. ఐదో రోజు నిమ్మకాయా గోతామూ కలిసి వచ్చాయి.

ఈలోగా నా ఒళ్లు వేరే దారి పట్టింది. ముందు తుమ్ములు, తర్వాత పొడి దగ్గు. మెడికల్ షాపులో రెండుసార్లు యాంటీబయాటిక్ కొనుక్కుని మింగాను, ఆ తెలివితక్కువ పని ఎవరూ చేయొద్దు. మార్చికల్లా గుంట గట్టెక్కితే ఆయాసం, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. రెండు వారాలు దాటిన దగ్గంటే మన ఊళ్లలో అందరికీ ఒకటే భయం. ప్రభుత్వాసుపత్రికి పోయి కళ్లె పరీక్ష చేయించుకున్నాను. క్షయ లేదన్నారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది, ఆ ఘాటుకి ఇంకో గంట దగ్గాను.

మా ఆఫీసులో వాళ్లయితే ఒకటే తీర్పు: ముత్తుకూరు రోడ్డు. కృష్ణపట్నం పోర్టునుంచి బొగ్గు లారీలు వరసగా పోతుంటాయి, ఆ దుమ్ము నీకు పడలేదు అన్నారు. నాకూ నిజమే అనిపించింది. అద్దాలు పూర్తిగా ఎక్కించి, బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి పెట్టాను. మార్చి నుంచి ఆ బటన్ తీసింది లేదు. నన్ను నేను కాపాడుకుంటున్నా అనుకున్నాను.

రోహిణి కార్తెలో, మే నెలాఖరున, ఒక రాత్రి రెండు గంటలకి ఊపిరి అందక లేచాను. మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతున్నాను. పీల్చడం కాదు కష్టం, వదలడం. పీల్చిన గాలి బయటికి పోక లోపలే ఇరుక్కున్నట్టు ఉంది. మాట రెండు ముక్కలుగా వస్తోంది. ఆటోలో, ఆసుపత్రులుండే పొగతోటకి తీసుకుపోయారు. మాస్కు పెట్టి మందుని పొగలా పంపిస్తే పది నిమిషాలకి ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నవాళ్లు దిగినట్టైంది.

పొద్దున ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చారు. అప్పటిదాకా నన్ను చూసినవాళ్లంతా దగ్గు ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగారు. ఆమె తిప్పి అడిగారు: "ఎప్పుడు తగ్గుతుంది?"

నాకంటే ముందు మా ఆవిడ అందుకుంది. "ఆదివారం మేడం."

ఆమె పెన్ను కింద పెట్టారు. ఆదివారం ఎక్కడుంటారు, మిగతా రోజులు ఎక్కడుంటారు, ఏం ముట్టుకుంటారు, ఏ గాలి పీలుస్తారు అని అరగంట అడిగారు. మేత సంచుల గురించి అడిగారు, ఇంట్లో పావురాలు ఉన్నాయా అని కూడా. చివరికి, "కారులో ఏసీ వేస్తే మొదట్లో వాసనేమన్నా వస్తుందా?" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఊదే పరీక్ష చేయించారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో బిగించి, నిండా పీల్చి ఒక్క దెబ్బన వదలాలి. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని పక్కన అమ్మాయి అరుస్తుంటుంది, అప్పటికి లోపల ఏమీ మిగలదు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందన్నది అసలు లెక్క. నా వయసుకీ ఎత్తుకీ రావాల్సిన దాంట్లో 68 శాతమే వచ్చింది. పీల్చే మందిచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే 81. మందుకి ముందున్న దానిమీద 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితేనే లోపలి గాలిగొట్టాలు బిగిసి వదులుతున్నట్టు లెక్కట, అంటే ఉబ్బసం దారి. నాది రెండు లెక్కల్నీ దాటింది.

కారు ఏసీ మీకు ఉబ్బసం పుట్టించిందని నేను అనను అన్నారామె. చిన్నప్పుడు ఒళ్లంతా దురద పొక్కులు, ప్రతి చలికాలం తుమ్ములు ఉండేవి నాకు. ఆ గుణం లోపలే ఉంది. కారులో ఆ వాసన బూజుది. కంటికి కనపడని దాని గింజలు రోజుకి మూడు, నాలుగు గంటలు ముక్కులోకి పోతుంటే ఆ గుణం నిద్ర లేచింది. ఇంకొకటి కూడా ఆమె వదలకుండా అడిగారు: పని నుంచి వచ్చిన నాలుగైదు గంటలకి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తున్నాయా అని. కొందరికి బూజు గాలిగొట్టాల దగ్గర ఆగదట, ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల్లోనే వాపు తెస్తుందట, అది వేరే జబ్బు, వైద్యం కూడా వేరే. నాకు జ్వరం లేదు, ఆక్సిజన్ బాగానే ఉంది.

పీల్చే మందు రాశారు. పీక్ ఫ్లో మీటర్ అని ఒక ప్లాస్టిక్ గొట్టం కొనిపించి, పొద్దున సాయంత్రం ఊది అంకె రాయమన్నారు. పది రోజులు కారు ఎక్కొద్దన్నారు.

బండి మీద తిరిగాను, మాస్కు కట్టుకుని. అదే ముత్తుకూరు రోడ్డు, అవే బొగ్గు లారీలు. ఇంటికొచ్చి మొహం కడిగితే నీళ్లు నల్లగా పోయేవి. కానీ దగ్గు తగ్గిపోయింది. అంకె 340 నుంచి 430కి ఎక్కింది. మందు వల్లనేమో అని నాకో అనుమానం. పదకొండో రోజు ఎవరికీ చెప్పకుండా, మందు మానకుండానే, కారులో ఏసీ వేసుకుని గంట సేపు తిరిగొచ్చాను. రాత్రి ఊదితే 350. పొద్దున డాక్టరమ్మకి గొప్పగా చూపిస్తే చీవాట్లు పెట్టారు. "మీరేమన్నా ఎలుకా?" అన్నారు.

కారుని ఆటోనగర్లో మాకు తెలిసిన భాయ్ దగ్గరికి పంపాను. ఆయన బానెట్ ఎత్తలేదు. ఏసీ వేసి పది నిమిషాలు ఆగి, వంగి కారు కిందికి చూశాడు.

"సార్, నీళ్లు కారడం లేదు."

"మంచిదే కదా భాయ్."

"ఏం మంచిది సార్? నెల్లూరు ఉక్కలో ఏసీ వేసిన కారు కింద చుక్క పడకపోతే, ఆ నీళ్లు ఎక్కడికి పోతుండాయి?"

చల్లనీళ్ల చెంబుకి బయట చెమట పట్టినట్టే, ఏసీ లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద గాలిలోని తేమంతా నీళ్లవుతుంది. ఆ నీళ్లు కింద తొట్టిలోకి జారి, సన్న రబ్బరు గొట్టం గుండా రోడ్డు మీద పడాలి. నాది పడటం లేదు. ముందు ఎడమవైపు సీటు కింద కార్పెట్టు ఎత్తి, ఆ మందపాటి పొరని పిడికిట్లో పిండితే కాఫీ రంగు నీళ్లు కారాయి. తుపాను నీళ్లకి ఏసీ నీళ్లు తోడయ్యాయి. ఐదారు నెలలుగా అది ఆరిందే లేదు.

మాస్కు కట్టుకుని దూరంగా నిలబడే చూశాను. డ్యాష్‌బోర్డు పెట్టె ఊడదీసి వెనకనుంచి ఫిల్టర్ లాగాడు. మడతలు మడతలుగా ఉండే తెల్ల కాగితంలాంటిది అది. నాది కోడి ఈకల దిండులా ఉబ్బి ఉంది. మడతల్లో ఎండిన వేపాకులు, వేపపూత, ఒక గొల్లభామ కాలు, నల్లటి చుక్కలు. ఇంటి ముందు వేపచెట్టు నీడన ఆపుతాను కారుని, అది నాకు పెద్ద గొప్ప. వైపర్ల కిందున్న జాలీలోంచే కారు బయటి గాలి పీలుస్తుంది, ఉగాది పూతంతా అందులోకే రాలింది. కొన్నప్పట్నుంచీ ఆ ఫిల్టర్ నేను మార్చలేదు. ఉందనే తెలియదు.

తర్వాత కింద పడుకుని రబ్బరు గొట్టంలోకి గాలి కొట్టాడు. ముందు బురద ముద్ద ఒకటి ఊడిపడింది. వెనకాలే భళ్లున నల్లనీళ్లు. ఆ వాసన ఆరడుగుల దూరంలో, మాస్కులోంచి కూడా తెలిసింది. మేత సంచికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

కాయిల్ మీద నురగ మందు కొట్టి కడిగాడు. కొత్త ఫిల్టర్ వేశాడు. సీట్లు విప్పి, కార్పెట్టు మూడు రోజులు ఎండలో పెట్టి, కింది పొర మార్చేశాడు. మొత్తం నాలుగు వేల ఐదు వందలు. ఆ నెల మందులకి అంతకంటే ఎక్కువైంది.

ఇక్కడితో బాగైపోయానని రాస్తే అబద్ధం. వాసన పోయింది గానీ ఊపిరితిత్తులకి కోపం అంత త్వరగా పోదు. మందు పీల్చాక నోరు పుక్కిలించమన్నారు, నేను బద్ధకించాను. నాలుక మీద తెల్ల పొర కట్టింది, వారం పాటు పులుసన్నం నోట పెట్టలేకపోయాను. "ఆ గాలి మందు అలవాటైపోతుంది నాయనా, మానెయ్" అని అమ్మ రోజూ పోరు. ఆగస్టులో ఒంట్లో బాగుందని నిజంగానే మానేశాను. సెప్టెంబరులో రెండు వానలు పడగానే పిల్లికూతలు తిరిగొచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మూడు నెలలు ఒక్క పూట వదలకుండా వాడాక డాక్టరమ్మే మోతాదు సగానికి దించారు. డిసెంబరులో ఊదితే 92 శాతం.

కారులో ఇప్పుడు జెల్ లేదు, కర్పూరం లేదు. ఇంటికి ఐదు నిమిషాలుందనగా, అయ్యప్పగుడి సెంటర్ రాగానే ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం ఉంచుతాను, లోపల కాయిల్ ఆరాలని. లోపలి గాలి తిప్పే బటన్ లారీ వెనక ఇరుక్కున్నప్పుడే. ఫిల్టర్ వానలకి ముందొకసారి, వేపపూత రాలాక ఒకసారి. బూట్లు డిక్కీలో కాదు, ఆరిందాకా మేడ మీదే. ఏసీ ఆపిన ఆ ఐదు నిమిషాల ఉక్కకి మా ఆవిడ రోజూ గొణుగుతుంది, పడుతుంది పాపం.

మొన్న ఇందుకూరుపేటలో టీ కొట్టు ముందు కారు ఆపి, ఏసీ ఆపకుండానే దిగాను. గుంట రైతు ఒకాయన కంగారుగా వచ్చాడు. "అబ్బయ్యా, నీ కారు కింద నీళ్లు కారతా ఉండాయి, ఏదో లీకైనట్టుంది చూసుకో."

వంగి చూశాను. ధారలా కారుతోంది. ఇంకో టీ చెప్పాను, ఆయనకి కూడా.