ధనుర్మాసం మంచు, కాలువ గట్టు రోడ్డు

ధనుర్మాసం వచ్చిందంటే మా కోనసీమలో తెల్లవారుజామున పది అడుగుల్లో ఉన్న కొబ్బరిచెట్టు కూడా కనబడదు. గాలి లేని రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల త్వరగా చల్లబడి, కాలువల్లో చేలల్లో ఉన్న తేమంతా మంచుగా పేరుకుంటుంది.

మొన్న రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వస్తూ, సరిగ్గా కనబడట్లేదని హైబీమ్ వేశాను. ఎదురుగా తెల్లటి గోడ! మంచులోని నీటి తుంపరలు ఆ వెలుతుర్ని తిరిగి మన కళ్లలోకే కొడతాయి, అందుకే లోబీమ్‌లోనే వెళ్లాలి. లోపల అద్దానికి ఆవిరి పడితే ఏసీ గాలి అద్దం మీదకి తిప్పండి.

ఇంకా స్పీడు. 60లో వెళ్తే సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తాం, 20 మీటర్లు కూడా కనబడని చోట బ్రేకు మీద కాలు పడేలోపే అంతా అయిపోతుంది. పక్కనేమో కాలువ, చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. నాకు అన్నిటికన్నా భయం గడ్డి ట్రాక్టర్లంటే, వెనక లైటుంటే దాన్ని గడ్డి కప్పేస్తుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టే అన్నయ్యలూ, దయచేసి సాయంత్రానికి ఆ రాళ్లు తీసేయండి. ట్రాక్టరుకి నాలుగు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి, పెద్ద ఖర్చేం కాదు.

పండక్కి హైదరాబాద్ నుంచి రాత్రంతా నడిపి వచ్చేవాళ్లు, సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాకా వచ్చేసరికి మంచు ముంచేస్తే రోడ్డు అంచున ఆపకండి, వెనకొచ్చేవాడికి మీరు కనబడరు. రోడ్డు దిగి టీ కొట్టు దగ్గర ఆపి, ఎండెక్కేదాకా ఓ కునుకు తీయండి. లేటవుతుందని ఇంట్లో అమ్మకి ఒక్క ఫోన్ చేయండి.